కడుపుతో ఉన్నప్పుడు నా రక్తంలో సీసం బయటపడింది: నా అనుభవం

సీసం అనగానే మనవాళ్ళకి రెండు గుర్తొస్తాయి. 2015లో మ్యాగీ గొడవ ఒకటి. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోవడం ఇంకొకటి. ఏలూరు వాళ్ళ రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పిందని వార్తల్లో విని నేనూ అందరిలాగే అయ్యో అనుకున్నాను. కానీ నాకు మూర్ఛ రాలేదు, కడుపునొప్పి రాలేదు, కాళ్ళూ చేతులూ లాగలేదు. వేవిళ్ళు తప్ప ఇంకే బాధా లేదు. అలాంటిది నా రక్తంలో డెసిలీటరుకి 19 మైక్రోగ్రాముల సీసం తేలింది.

మేం ఉండేది అమెరికాలో, సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో. కడుపు నిలిచాక మొదటిసారి క్లినిక్‌కి వెళ్ళినప్పుడు నర్సు ఒక ప్రశ్నల కాగితం పట్టుకుని కూర్చుంది. మీ ఇల్లు 1978కి ముందు కట్టిందా? (ఇక్కడ ఇళ్ళకి వేసే సీసం రంగులు ఆ ఏడు నిషేధించారు.) ఇంట్లో ఎవరైనా బ్యాటరీల పని, వెల్డింగ్ పని చేస్తారా? బయటి దేశాల నుంచి తెచ్చిన మసాలాలు, కాటుక, నాటు మందులు వాడతారా? మట్టి, సుద్ద లాంటివి తినాలనిపిస్తోందా?

ఆ ఆఖరి ప్రశ్నకి నాకు నవ్వొచ్చింది. మా పిన్ని కడుపుతో ఉన్నప్పుడు విభూది ఉండలు దాచుకుని మరీ తినేది. నర్సు నవ్వలేదు, రాసుకుంది. "మీ దేశం నుంచి తెచ్చుకున్న గిన్నెల్లో వంట చేస్తారా?" అని అడిగితే, చేస్తాం, మా వాళ్ళందరూ చేస్తారు అన్నాను. ఎలాగూ తీస్తున్న రక్తంలోంచే ఇంకో చిన్న ట్యూబు పక్కన పెట్టింది. నేను థైరాయిడ్ గురించి టెన్షన్ పడుతున్నాను కాబట్టి ఆ ట్యూబు సంగతి అప్పుడే మర్చిపోయాను.

డాక్టరు ఫోను కంటే ముందు పోర్టల్‌లో రిజల్ట్ వచ్చేసింది. అన్ని అంకెలూ నల్లగా ఉంటే ఇదొక్కటీ ఎర్రగా ఉంది. రెండోసారి తీసిన రక్తంలోనూ దాదాపు అంతే వచ్చింది. ఇక్కడి ఆడవాళ్ళలో సగటు ఒకటి కంటే తక్కువ ఉంటుందట. గర్భిణులకి 5 దాటితే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2010లో రాసిన మార్గదర్శకాల్లో ఉంది. పిల్లలకైతే 3.5 దాటినా చాలు, కబురు పెడతారు. 2021 దాకా అది 5 ఉండేది, అంతకు ముందెప్పుడో 10. అంకె తగ్గుతూ రావడమే గానీ ఇంతవరకూ ఫరవాలేదు అని ఎవరూ గీత గీయలేదు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. మన ఒంటికి సీసానికీ కాల్షియానికీ తేడా తెలియదు. అందుకని ఒంట్లోకి చేరిన సీసంలో నూటికి తొంభై పాళ్ళు ఎముకల్లో వెళ్ళి కూర్చుంటుంది, ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. రక్తంలో ఉన్నది నెల, నెలన్నరకి సగం అవుతుంది. కడుపులో బిడ్డ ఎముకలు కట్టుకునే వేళకి తల్లి ఎముకల్లోంచి కాల్షియం కరిగి వస్తుంది, దానితోపాటు పాత సీసమూ దిగుతుంది. మాయ దాన్ని ఆపదు. తల్లి రక్తంలో ఎంతుంటే బిడ్డ రక్తంలోనూ ఇంచుమించు అంత, కాస్త తక్కువ. బీపీ పెరగొచ్చు, నెలలు నిండకముందే కాన్పు కావచ్చు, బిడ్డ బరువు తగ్గొచ్చు, మెదడు ఎదుగుదల మీద పడొచ్చు. అన్నీ 'వచ్చు'లే. నాకు ఏది అవుతుందో, అసలేమైనా అవుతుందో లేదో ఆమె చెప్పలేదు, చెప్పలేనంది.

"మందు ఇవ్వండి" అన్నాను.

రక్తంలోంచి సీసాన్ని లాగేసే మందులు ఉన్నాయి గానీ, 45 దాటితే తప్ప వాటి గురించి ఆలోచించరట. గర్భిణులకైతే ఇంకా జంకుతారు. నాకు ఉన్న దారల్లా అది వచ్చే చోటు పట్టుకుని ఆపడం, కాల్షియం, ఐరన్ తగ్గకుండా చూసుకోవడం.

వాషింగ్టన్ రాష్ట్రంలో ల్యాబులు సీసం రిజల్ట్ ప్రతిదీ రాష్ట్ర ఆరోగ్య శాఖకి పంపాలి. అక్కడి నుంచి కౌంటీకి (మన జిల్లా లాంటిది) వెళ్ళింది, కౌంటీ నుంచి మాకు ఫోను. ఇంటికొచ్చి చూస్తామన్నారు. మా ఆయనకి మొదట వచ్చిన ఆలోచన వీసా గురించి. "గవర్నమెంటు వాళ్ళు ఇంటికొస్తే రేపు హెచ్1బీ ఎక్స్‌టెన్షన్‌కి ఏమైనా అవుతుందేమో కనుక్కో" అని పక్కనుంచి సైగ చేస్తున్నాడు. ఫోనులో ఉన్నావిడకి ఈ ప్రశ్న కొత్తేమీ కాదనుకుంటా, నేను అడక్కుండానే, ఇమిగ్రేషన్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు, వివరాలు ఎవరికీ ఇవ్వం అని చెప్పింది. ఇదెందుకు రాస్తున్నానంటే, ఈ భయంతో ఫోను ఎత్తని వాళ్ళు మనలో ఉంటారని నాకు గట్టి అనుమానం.

కౌంటీ ఆవిడ వచ్చిన రోజు వంటింట్లో ఉన్నవన్నీ డైనింగ్ టేబుల్ మీద పెట్టించింది. పసుపు, కారం, ధనియాల పొడి, చింతపండు, కుంకుమ భరిణె, సిందూరం ప్యాకెట్టు, ఊర్నుంచి తెచ్చుకున్న లేహ్యం, కుక్కరు, ఇండాలియం కడాయి, ఇత్తడి గిన్నె, అట్లపెనం. ఎవరి పెళ్ళికో సామాను సర్దినట్టుంది. ఆమె చేతిలో డ్రిల్లింగ్ మిషన్ లాంటిది ఒకటి ఉంది. ఎక్స్ఆర్ఎఫ్ అంటారు దాన్ని. వస్తువుకి ఆనించి మీట నొక్కితే కాసేపటికి అందులో ఏయే లోహాలు ఎంతెంత ఉన్నాయో తెర మీద పడుతుంది.

మా ఇద్దరి అనుమానమూ పసుపు మీదే. అప్పటికే నెట్‌లో అంతా చదివేశాం. బంగ్లాదేశ్‌లో పసుపు కొమ్ములకి పచ్చటి రంగు కోసం లెడ్ క్రోమేట్ పూసేవారు, స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 2019లో దాన్ని బయటపెడితే ప్రభుత్వం దాడులు చేసి రెండేళ్ళలో దాదాపు ఆపించింది. మన దేశంలోనూ పాట్నాలో కొన్న కొన్ని పసుపు నమూనాల్లో గ్రాముకి వెయ్యి మైక్రోగ్రాములు దాటి ఉందని ఆ తరవాత ఇంకో పరిశోధనలో తేలింది. మన చట్టం ఒప్పుకునేది 10. తీరా మా పసుపులో ఏమీ లేదు. దుగ్గిరాల పసుపు యార్డు దగ్గర తెలిసినవాళ్ళ ఇంట్లో కొమ్ములు కొని అమ్మ మర పట్టించింది. ఆ సంగతి తర్వాత అమ్మకి చెబితే, ఆ ఒక్క మాటకే కాస్త స్థిమితపడింది.

సిందూరం ప్యాకెట్టులో మాత్రం ఉంది. ఎర్రటి సిందూరానికి కొందరు సీసం ఆక్సైడు కలుపుతారు. న్యూజెర్సీలో కొన్న సిందూరాలు, ముంబై, ఢిల్లీల్లో కొన్నవి కలిపి రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళు 2017లో పరీక్షిస్తే ఎక్కువ వాటిలో ఎంతో కొంత సీసం కనబడింది. నేను పాపిట్లో పెట్టుకోను, అది ఆంజనేయస్వామి పటానికి. ఇంత పైకి వెళ్ళడానికి అది చాలదు అంది ఆమె. కడాయిలోనూ కొంచెం ఉంది, దాన్ని పక్కన పెట్టించింది. లేహ్యం సీసా తెచ్చినప్పుడు మాత్రం చాలాసేపు లేబుల్ చదివింది. న్యూయార్క్‌లో 2011, 2012లలో ఆరుగురు గర్భిణులకి ఇలాగే సీసం ఎక్కితే, అందరూ ఇండియా నుంచి వచ్చిన ఆయుర్వేద మందులు మింగినవాళ్ళేనట. వాళ్ళ అంకెలు 16 నుంచి 64 దాకా ఉన్నాయి. మా లేహ్యంలో లోహ భస్మాలేవీ లేవు, అదీ పోయింది.

ఇంక మిగిలింది సత్తు గిన్నె. దాన్ని నేను టేబుల్ మీద పెట్టనే లేదు, పొయ్యి మీద ఉంది. అందులో ఆ పూట చారు ఉంది.

సత్తు గిన్నె తెలియనివాళ్ళ కోసం చెబుతాను. సత్తు అంటే కొన్ని ఊళ్ళల్లో అల్యూమినియం అనుకుంటారు, నేను చెప్పేది అది కాదు. తగరంతో చేసింది. తెల్లగా, కాస్త మసక మసకగా, చేత్తో గట్టిగా నొక్కితే సొట్టపడేంత మెత్తగా ఉంటుంది. ఖాళీగా పొయ్యి మీద పెడితే కరిగి కారిపోతుంది. ముందు చింతపండు పులుసు పోసి, అప్పుడు మంట వెలిగించాలి. మంట గిన్నె అంచు దాటి పైకి రాకూడదు. పోపు వేరే గరిటెలో వేసి పైన పోయాలి. ఈ నియమాలన్నీ మా అమ్మమ్మ తెనాలిలో అమ్మకి నేర్పింది, అమ్మ నాకు నేర్పింది. అందులో కాచిన చారుకి వచ్చే రుచి స్టీలు గిన్నెలో రాదు, ఇప్పటికీ ఆ మాటే అంటాను.

మిషన్ ఆనిస్తే తగరంతో పాటు సీసం కూడా శాతాల్లో చూపించింది. అచ్చం తగరంతో చేస్తే ఏ గొడవా లేదట. తగరం ఖరీదు, సీసం చవక, రెండూ కలిస్తే ఇంకా సులువుగా కరిగి పోత పోయడానికి వీలుగా ఉంటాయి. కంటితో చూస్తే తేడా తెలియదు. పైగా అందులో పోసేది చింతపండు పులుసు, టమాటా, అదీ మరిగించడం, మిగిలింది రాత్రిదాకా అందులోనే ఉంచడం. ల్యాబులో లోహపు గిన్నెల్ని పరీక్షించేటప్పుడు పలచని వెనిగర్ లాంటిది పోసి మరిగించి, ఒక రోజంతా అలాగే ఉంచి చూస్తారట. మేం ఇంట్లో రోజూ ఆ పరీక్షే చేసి, ఆ నీళ్ళు తాగుతున్నాం. ఇంకో సంగతి విన్నాక నాకు నోట మాట రాలేదు. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళకి తిండి ద్వారా రోజుకి 8.8 మైక్రోగ్రాములు మించకూడదని ఇక్కడ తిండి, మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ పెట్టుకున్న హద్దు. వేవిళ్ళలో నాకు ఏదీ ఇమిడేది కాదు, చారన్నం ఒక్కటే నిలిచేది. గ్లాసులో పోసుకుని కూడా తాగేదాన్ని.

ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. "అదేమిటే, మీ అమ్మమ్మ యాభై ఏళ్ళు అందులోనే కాచింది, ఎవరికేమైంది?" అంది. తరవాత ఇంకేం మాట్లాడలేదు. గిన్నె నా పెట్టెలో చీరల మధ్య చుట్టి పెట్టింది అమ్మే. మా అత్తయ్య మాత్రం, "మేమైతే స్టీలు గిన్నెలే ఇచ్చామమ్మా" అని ఒక మాట అని ఊరుకుంది.

'ఎవరికేమైంది' అన్న ప్రశ్న నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఏమైందో కొలిచినవాళ్ళు లేరు కదా. అమ్మమ్మకి పోయిన రెండు కాన్పులు, మామయ్యకి ముప్ఫై దాటకుండానే వచ్చిన బీపీ, వీటికి వెయ్యి కారణాలుండొచ్చు, గిన్నె అందులో ఒకటి కావచ్చు, కాకపోవచ్చు. 2000 దాకా మన పెట్రోల్‌లోనూ సీసం ఉండేది. గుంటూరు బస్టాండు పక్కన ఆటోల పొగలో పెరిగినదాన్ని, నా ఎముకల్లో ఆ వాటా ఎంతుందో ఎవరు చెబుతారు? బెంగళూరులో డాక్టర్ తుప్పిల్ వెంకటేశ్ ఎన్నో ఏళ్ళు ఊరూరా తిరిగి రక్తపరీక్షలు చేసి మొత్తుకున్నారు కాబట్టి ఆ మాత్రమైనా సంగతి మన దేశంలో తెలిసింది.

నెట్‌లో చదవడం గురించి ఒక సలహా: రాత్రిపూట చదవకండి. రక్తంలో సీసం 2.4 నుంచి 10కి పెరిగితే పిల్లల ఐక్యూ సగటున నాలుగు పాయింట్ల దాకా తగ్గిందని 2005 నాటి విశ్లేషణ ఒకటి కనబడింది. ప్రింట్ తీసుకుని డాక్టరమ్మ ముందు పెట్టాను. అది వెయ్యి మందికి పైగా పిల్లల మీద లెక్క, నీ కడుపులో ఉన్న ఒక్క బిడ్డ మీద కాదు అంది. ఇల్లు, తిండి, మాట్లాడటం, ఆడించడం, ఇవి కూడా ఆ పాయింట్లని అటూ ఇటూ జరుపుతాయంది. నాకది అప్పట్లో ఓదార్పులా అనిపించలేదు.

ఇక తిండి. కాల్షియం రోజుకి 2,000 మిల్లీగ్రాములు అందాలన్నారు, తిండి, మాత్రలు కలిపి. మెక్సికో నగరంలో గర్భిణులకి రాత్రి పడుకునే ముందు 1,200 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే రక్తంలో సీసం సగటున 11 శాతం తగ్గిందట, ఆఖరి నెలల్లో ఇంకాస్త ఎక్కువ. అంటే తల్లి ఎముకలు అంతగా కరక్కుండా బయటి నుంచి అందిస్తున్నామన్నమాట. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం నువ్వుల ఉండ, రాత్రి మాత్ర. ఐరన్ మాత్ర మాత్రం కాల్షియంతో కలిపి వేసుకోకూడదు, ఒకదాన్నొకటి ఒంటపట్టనివ్వవు. వాటి వేళలు మా ఆయన ఫోనులో అలారం పెట్టుకుని మరీ గుర్తుచేసేవాడు, ఆఫీసు మీటింగులోంచి కూడా.

గిన్నె ఆపేసిన తరవాత 19 కాస్తా 13 అయింది. తరవాత 9. నేను మైసూరుపాకు చేసుకున్నాను. ఎనిమిదో నెలలో తీస్తే 11. ఇంట్లో మళ్ళీ అన్నీ వెతికాం, కొత్తది ఏదీ దొరకలేదు. ఆఖరి నెలల్లో ఎముకల్లోంచి దిగడం అంటే ఇదే, ఎదురుచూసిందే అంది డాక్టరమ్మ. ఎదురుచూస్తున్నట్టు నాకు ముందే చెప్పి ఉంటే ఆ రెండు రాత్రులు ఏడ్చేదాన్ని కాదు. అందుకే మీకు చెబుతున్నాను: గర్భం ముదిరే కొద్దీ అంకె కొద్దిగా పైకి లేవొచ్చు. అదే వేళకి బీపీ కూడా అంచు మీదికి వచ్చింది. సీసం వల్లేనా అంటే, మొదటి కాన్పుల్లో ఎంతోమందికి వస్తుంది అన్నారు.

పాప 38వ వారంలో పుట్టింది, 2 కిలోల 700. పుట్టగానే ఏడ్చింది. బొడ్డుతాడు రక్తం తీసి పంపారు, 9 వచ్చింది. చూడటానికి పాపకి ఏమీ లేదు, ఉండదు కూడా. సీసం ఎక్కిన పసిబిడ్డ ముఖం మీద రాసి ఉండదు.

పాల దగ్గర ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. పురుటికి వచ్చిన అమ్మే, "నీ పాలు పట్టకే తల్లీ, డబ్బా పాలు పడదాం" అని బతిమాలింది. డాక్టర్లు మాత్రం నిస్సందేహంగా పట్టమన్నారు. తల్లి రక్తంలో సీసం 40 లోపు ఉంటే పాలు మానక్కర్లేదు, పాప అంకె మాత్రం మధ్యమధ్యలో చూసుకుంటూ ఉండాలి. తల్లి రక్తంలో ఉన్నదానిలో మూడు శాతం లోపే పాలలోకి వస్తుందట. డబ్బా పాలైతే నీళ్ళు పోయాలి, ఆ నీళ్ళు పాత సీసపు గొట్టాల్లోంచి వస్తే అసలుకే మోసం. నేను పాలిచ్చాను, కాల్షియం ఆపలేదు.

పాపకి నెల నిండేసరికి మడమ మీద కాకుండా చేతి నరంలోంచే రక్తం తీశారు. అంత చిన్న చేతిలో నరం దొరకడానికి ఇద్దరు నర్సులు పట్టుకోవాల్సి వచ్చింది. నేను బయటికి వెళ్ళిపోయాను, అమ్మ లోపలే ఉండి పాట పాడింది. 7 వచ్చింది. తరవాత 5. మొదటి పుట్టినరోజు దాటాక చేసినప్పుడు 3 లోపుకి దిగింది. బారసాలకి అత్తయ్య కాటుక డబ్బీ తెస్తే పిల్లల డాక్టరు వద్దన్నారు. దీపానికి పట్టిన మసి అని ఆవిడ ఎంత చెప్పినా, కొన్నదో ఇంట్లో చేసిందో నాకు తెలిసే దారి లేదు, ఏదీ వద్దు అన్నారు. అరికాలికి బొట్టు పెట్టి సరిపెట్టాం, ఇంట్లో చేసిన కుంకుమతో.

ఇప్పుడు దానికి ఏడాదిన్నర. తొమ్మిదో నెలలో, పద్దెనిమిదో నెలలో ఎదుగుదల పరీక్షలు చేశారు, వయసుకి తగ్గట్టే ఉంది. ముప్ఫయ్యో నెలలో మళ్ళీ చేస్తారు. బడికెళ్ళాక ఏకాగ్రత, చదువు ఎలా ఉంటాయో అప్పటి మాట అప్పుడే. ఏ డాక్టరూ ఏమీ కాలేదని సంతకం పెట్టి ఇవ్వడు, అడగడం నేనూ మానేశాను.

గిన్నెని చెత్తబుట్టలో పడెయ్యకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు అన్నారు. కౌంటీ ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట, పాత బ్యాటరీలు, పెయింటు డబ్బాల పక్కన పెట్టి వచ్చాం. తెనాలిలో దాని జత ఇంకోటి ఉంది. పాత సామానువాడికి వేస్తానంది అమ్మ. వాడు కరిగించి ఇంకోటి పోయిస్తాడే అని గోల పెట్టి ఆపాను. ప్రస్తుతానికి గోనెసంచిలో మూటగట్టి అటక మీద ఉంది.

అమ్మ కూడా వెనక్కి వెళ్ళాక గుంటూరులో పరీక్ష చేయించుకుంది, 14. మా చెల్లికి ఇప్పుడు నాలుగో నెల. వాళ్ళ గైనకాలజిస్టు ఇదెందుకమ్మా అన్నారట గానీ, నా కథ చెబితే రాసిచ్చారు. మామూలు గర్భిణుల ప్యాకేజీలో ఈ టెస్టు ఉండదు, 'బ్లడ్ లెడ్' అని విడిగా అడగాలి. పెద్ద ల్యాబులైతే రక్తం తీసుకుని వాళ్ళ ముఖ్య ల్యాబుకి పంపుతాయి, రిజల్టుకి కొన్ని రోజులు పడుతుంది. పరగడుపున వెళ్ళక్కర్లేదు. వేలి కొసలోంచి కాకుండా నరంలోంచి తీయించుకోవాలి, వేలి మీద ఉన్న దుమ్ము కలిసినా అంకె తప్పుగా వస్తుంది. చెల్లికి 6 వచ్చింది. పెళ్ళయ్యాక అత్తవారింట్లో స్టీలు గిన్నెలోనే చారు కాస్తోంది, అందుకే అంతలో ఉందేమో అనుకుంటున్నాం. నెల తిరక్కుండా మళ్ళీ చేయించమన్నారు, వచ్చే సోమవారం వెళుతోంది.